లిస్టులో మొదటి పేరు

పోయిన వారం మనం కనకదుర్గను మాడుగుల బస్సులో, కిటికీ పక్క సీట్లో వదిలిపెట్టాం. గణపతిరావు మాష్టారి గుమ్మం తొక్కనని ఇరవై ఎనిమిదేళ్ల కిందట పెట్టుకున్న ఒట్టును ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె తనంతట తానే తీసి గట్టున పెట్టింది.

చోడవరంలో ఒకప్పుడు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఉండేది. అందులో కనకదుర్గ సెంటర్ ఫార్వర్డ్. ఆమెకు కుడిపక్కన ఏసుమణి. ఏసుమణి లైను వెంబడి పరిగెత్తి బంతిని మధ్యలోకి తోస్తే, కనకదుర్గ దాన్ని గోల్లోకి పంపేది. ఇప్పుడు కనకదుర్గకు నలభై ఐదు నిండాయి. బస్టాండు వెనక సందులో జాకెట్లు కుడుతుంది. ఏసుమణి బుచ్చయ్యపేట అవతల ఒక హైస్కూల్లో పీఈటీ. ఆట మానేసిన పాతవాళ్లందరినీ కలిసి, వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి పుస్తకంగా వేయాలన్నది ఏసుమణి ఆలోచన. ఆదివారం చర్చి అయ్యాక ఆమె రావడం, కనకదుర్గ షాపు షట్టరు దించి వెంట బయల్దేరడం మూడు నెలలుగా అలవాటైపోయింది. ఆటో తోలుకుంటున్న పరదేశి తన గోల్‌కీపింగ్ రోజులు చెప్పాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో మూటలు మోసి నడుం పోగొట్టుకున్న దాసు, ఒక్క మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టిన సంగతి మూడుసార్లు చెప్పాడు. అలా పదకొండు మంది అయ్యారు. పన్నెండో పేరు గణపతిరావు మాష్టారిది. వాళ్లిద్దరికీ ఆట నేర్పింది ఆయనే.

ఆ పేరు దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. కనకదుర్గ ఆగడానికి కారణం తెలిసిందే. తొంభై ఏడు మే నెలలో రాష్ట్ర క్యాంపుకి పేర్లు వచ్చినప్పుడు ఏసుమణి పేరు వచ్చింది, ఆమెది రాలేదు. సెమీఫైనల్లో తను పెనాల్టీ బయటికి కొట్టిందన్న కోపంతో మాష్టారే తన పేరు పంపలేదని కనకదుర్గ నమ్మింది. ఆ నెలాఖర్లో ఆయనకు బదిలీ అయితే వీడ్కోలుకి కూడా వెళ్లలేదు. ఏసుమణి ఎందుకు వెనకాడిందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఒక వారం పరీక్ష పేపర్లంది. ఒక వారం ఎండంది. ఇంకో వారం ఫోను పాడైందంది. ఈలోగా మాష్టారికి చూపు మందగించిందని, దుర్గ ఎలా ఉందని అడిగారని పరదేశి కబురు తెచ్చాడు. కనకదుర్గ మనసు మెత్తబడింది. ఒక్కర్తినే వెళ్లొస్తానంది. ఆ మాట విన్నాకే ఏసుమణి తనూ వస్తానంది.

* * *

మాడుగులలో హల్వా కొట్ల సందు దాటి లోపలికి వెళితే మాష్టారి కూతురు కీర్తి ఇల్లు. ఆయన ముందు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాలికి బెల్టు. షుగరు కళ్లను తినేసిందని, ఎదుటి మనిషి ఆకారం తప్ప ముఖం ఆనదని కీర్తి గుమ్మంలోనే మెల్లగా చెప్పింది.

కనకదుర్గ దారిపొడుగునా కొన్ని మాటలు కూడదీసుకుని వచ్చింది. ఒక్క పెనాల్టీకి అంత శిక్షా అని అడగాలనుకుంది. వరండా మెట్లెక్కి రెండడుగులు వేసిందో లేదో, మాష్టారు తల పక్కకి వంచి విన్నారు.

"ఎడమకాలు కొంచెం లేటుగా పడతంది. దుర్గేనా?"

కూడదీసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. ఆమె వంగి ఆయన కాళ్లు పట్టుకుంది. ఏసుమణి కూడా నమస్కారం చెప్పి బెంచీ చివర కూర్చుని, ఫోను రికార్డింగులో పెట్టి మధ్యనున్న స్టూలు మీద ఉంచింది.

మాష్టారు చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. పొద్దున్న ఏం తిన్నారో ఆయనకు గుర్తులేదు గాని, యాభై ఏళ్ల కిందటి మ్యాచ్‌లో ఎవరు ఎవరికి బంతి ఇచ్చారో గుర్తుంది. చెరుకు నరికేసిన మళ్లల్లో గుడ్డ బంతితో ఆడారట. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా కాళ్లకు బూటు తెలియదట. మొదటి జత విశాఖపట్నంలో పోర్టు ఉద్యోగి ఒకాయన ఇచ్చింది. రెండు సైజులు పెద్దది. వేళ్ల దగ్గర తల్లి పాత చీర పీలికలు కుక్కుకుని, ఆ జతతోనే యూనివర్సిటీ జట్టుకి ఆడారు. ఇరవై నాలుగో ఏట ఒక ఆటలో మోకాలు మెలిపడింది. అదే ఆఖరు.

"అప్పట్లో మోకాలు పోతే ఆటగాడు పోయినట్టేనమ్మా. నా కాళ్లతో ఆడ్డం అయిపోయింది. ఇంకొకరి కాళ్లతో ఆడదామని మాష్టారినయ్యేను" అన్నారు.

ఆడపిల్లల జట్టు సంగతి వచ్చేసరికి ఆయన ముఖం వెలిగింది. నిక్కర్లు వేసుకోమంటే తండ్రులు కర్రలు పట్టుకుని గ్రౌండుకి వచ్చిన రోజు, మోకాళ్ల దాకా ఉండే నిక్కర్లు తనే దగ్గరుండి కుట్టించిన సంగతి చెబుతుంటే కనకదుర్గ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఇన్నేళ్ల కోపం ఇంత తేలిగ్గా కరిగిపోతుందని ఆమె అనుకోలేదు. పెనాల్టీ ఊసు కూడా ఆమె ఎత్తలేదు. ఆయనే ఎత్తారు.

"ఆ బంతి పోస్టుకి జానెడు బయట. నువ్వు గడ్డిలో కూలబడి ఏడుస్తన్నావు. సెలక్షను కమిటీ ఆయన నా పక్కకొచ్చి, ఆ గుంట పేరేటని అడిగేడు. ఓడిపోయిన జట్టులో, పెనాల్టీ పోగొట్టిన పిల్ల పేరు అడిగేడంటే ఆలోచించు. అందుకే కదా లిస్టులో నీ పేరు మొదట వేసేరు."

కనకదుర్గ నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది.

"ఏ లిస్టు సార్?"

"క్యాంపు లిస్టమ్మా. మన జిల్లాకి ఒకటే చోటు. నీ పేరు. నువ్వు రాలేకపోతే పంపడానికని కింద ఏసుమణి పేరు."

ఏసుమణి చెయ్యి ఫోను మీదికి వెళ్లింది. బ్యాటరీ అయిపోతోందని ఏదో గొణిగింది. కనకదుర్గ ఆమె మణికట్టు పట్టుకుని పక్కకి పెట్టింది. చూపు మాత్రం మాష్టారి మీద నుంచి తిప్పలేదు.

"నా పేరు వచ్చినట్టు నాకెవరూ సెప్పలేదు సార్."

"అదేటి" అన్నారాయన. "నువ్వే కదా రానన్నావు. పెళ్లి కుదిరింది, ఇంట్లో పంపరు, నా బదులు ఏసుమణిని పంపండి అన్నావు. తనే కదా వచ్చి చెప్పింది. అడుగు, పక్కనే ఉంది కదా."

ఆయనకు వాళ్ల ముఖాలు కనబడవు. అందుకే ఆ మాటను పాత ముచ్చట్లలో ఒకటిగా, అంత మామూలుగా అనేశారు. సరిగ్గా అప్పుడే కీర్తి రెండు పళ్లాల్లో హల్వా పెట్టుకుని వచ్చింది. తినమంది. ఇద్దరూ పళ్లాలు అందుకున్నారు. ఎవరూ నోట పెట్టలేదు. కీర్తి ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసి లోపలికి వెళ్లిపోయింది.

కనకదుర్గ గొంతు పెంచలేదు. షాపులో కొలతలు అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది. ఏ తారీఖున వచ్చింది సార్ లిస్టు? ఆమె మీ దగ్గరకు ఎప్పుడొచ్చింది? నా చేతి చీటీ ఏదైనా చూపించిందా? ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పారు. చీటీ లేదు, నోటి మాటే. లిస్టు వచ్చిన మర్నాడు పొద్దున్నే గ్రౌండుకి వచ్చి చెప్పింది. దుర్గ ఇంటికెళ్లి తల్లిదండ్రులతో తనే మాట్లాడతానని ఆయన అన్నారట. వద్దు సార్, ఆటకి పంపినందుకు ఇప్పటికే గొడవలవుతున్నాయి, మీరొస్తే దాన్ని కొడతారు అని ఏసుమణి చెప్పిందట.

"నాకు పెళ్లయింది నవంబర్లో సార్. మా మేనత్త కొడుకు ఉమామహేష్‌తో. మే నెలలో మా ఇంట్లో పెళ్లి అన్న మాటే లేదు" అంది కనకదుర్గ.

మాష్టారు అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఏసుమణీ" అని పిలిచారు.

"సార్" అంది ఏసుమణి.

"నేను తప్పుగా విన్నానా?"

"లేదు సార్. నేను సెప్పిందే మీరు విన్నారు."

ఆయన కనకదుర్గ ఉన్న వైపు చెయ్యి చాపారు.

"ఇన్నేళ్లూ నీ మీద కోపం పెట్టుకున్నానమ్మా. ఇంత నేర్పితే, రాననే మాట నోటితో చెప్పడానికి కూడా రాలేదు అనుకున్నాను. సైకిలెక్కి నాలుగు మైళ్లు తొక్కితే మీ ఇల్లు. ఒక్క సాయంత్రం. నేను రావలసింది."

కనకదుర్గ ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఈయన మీద ఎన్ని మాటలనుకుందో, ఎంతమంది దగ్గర అందో, అవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. కూతురు జూనియర్ కాలేజీలో చేరినప్పుడు ఆటల్లోకి వద్దని, మాష్టర్లను నమ్మకూడదని చెప్పి మాన్పించింది తనే.

* * *

తిరుగు బస్సు నిండా జనం. ఇద్దరు పట్టే సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. పక్కపక్కనే కూర్చోక తప్పలేదు. కీర్తి కట్టిచ్చిన హల్వా పొట్లం ఏసుమణి ఒళ్లో ఉంది. బస్సు వడ్డాది దాటింది. రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు ఆగి ఆగి పోతోంది.

కనకదుర్గ కళ్ల ముందు ఒక సాయంత్రం కదులుతోంది. లిస్టులో నీ పేరు లేదే అంటూ ఏసుమణి తమ ఇంటికొచ్చి తన మెడ పట్టుకుని ఏడ్చిన సాయంత్రం. నువ్వు లేకుండా నేనెళ్లను అంది. కనకదుర్గే ఆమె కళ్లు తుడిచింది. ఇద్దరిలో ఒకరైనా వెళ్లాలే అని నచ్చజెప్పింది. ఏసుమణి బూట్లు అడుగు ఊడిపోయి ఉన్నాయని, లోపలికెళ్లి తన బూట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆ బూట్లతోనే ఏసుమణి క్యాంపుకెళ్లింది. రెండేళ్లు రాష్ట్రానికి ఆడింది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకుంది. ప్రతి క్రిస్మస్‌కీ కేకు పట్టుకుని వచ్చేది. ఏసుమణి కూతురు మెర్లిన్ పెళ్లికి తెల్ల గౌను నాలుగు రోజులు కూర్చుని కుట్టింది కనకదుర్గే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఊళ్లో ఎవరు స్నేహం గురించి మాట్లాడినా వీళ్లిద్దరినే చూపించేవారు.

"ఆ రోజు మా ఇంటికొచ్చి ఏడ్సేవు" అంది కనకదుర్గ, కిటికీలోంచి బయటికి చూస్తూనే. "దేనికేడ్సేవు?"

"నిజంగానే ఏడుపొచ్చిందే. నువ్వు బూట్లు తెచ్చి సేతిలో పెట్టేసరికి సెప్పేద్దామనుకున్నాను. మీ అమ్మ కాఫీ తెచ్చింది. సెప్పలేకపోయేను. ఆ పూట సెప్పలేంది మర్నాడు ఇంకా సెప్పలేము. రైలెక్కేసేక అసలే సెప్పలేము."

"ఇరవై ఎనిమిదేళ్లలో ఆ రైలు దిగనేలేదేటి నువ్వు?"

ఏసుమణి తల వంచుకుంది. ఆ తర్వాత ఆమె చెప్పినదంతా కనకదుర్గకు కొంత తెలిసిందే. తండ్రి పోయిన ఏడాది అది. తల్లి పక్కవాళ్ల పొలాల్లో కలుపు తీస్తోంది. వెనక ఇద్దరు చెల్లెళ్లు. కనకదుర్గ వాళ్లకు ఎకరన్నర చెరుకు ఉంది, ఇల్లుంది, ఏదో విధంగా బతుకుతుంది. తనకు ఆ క్యాంపు తప్ప ఇంకో దారి కనబడలేదు. ఆట మీద ప్రేమతో కాదు, ఉద్యోగం కోసం. ఇదంతా ఆమె తప్పు కప్పుకోవడానికి చెప్పినట్టు లేదు. ఎన్నోసార్లు తనలో తాను చెప్పుకుని అరగదీసిన మాటల్లా ఉన్నాయి.

కనకదుర్గ పూర్తిగా వింది.

"నువ్వు అడిగుంటే నేనే ఇచ్చేద్దునేమో" అంది. "బూట్లు ఇచ్చిందాన్ని సోటు ఇవ్వనా? నువ్వడగలేదు మణీ. దొంగిలించేవు. పైగా సార్ మీద నాకు కోపమొచ్చేలా సేసేవు. ఆయన బదిలీ అయి ఎల్తంటే నేను మొకం సాటేసేను. నువ్వు నా పక్కనే ఉన్నావు. సూస్తా ఊరుకున్నావు."

ఏసుమణి ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, పైట అంచు నోటికడ్డం పెట్టుకుని. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసి మళ్లీ తిరిగిపోయింది. ఈ పుస్తకం పని ఎందుకు పెట్టుకున్నావని కనకదుర్గ అడిగింది. ఎవరో ఒకరి నోట ఈ సంగతి బయటపడుతుందని తెలుసునని, తన నోట ఎలాగూ రావడం లేదని, అలాగైనా వస్తే బాగుండునని ఒక రోజు, రాకపోతే బాగుండునని ఒక రోజు అనిపించేదని ఏసుమణి చెప్పింది.

చోడవరం దగ్గరపడుతోంది. ఫ్యాక్టరీ చెరుకు పిప్పి వాసన బస్సులోకి వచ్చింది. జనం సంచులు సర్దుకుంటున్నారు. ఇంక అడగడానికేమీ లేదనుకుంది కనకదుర్గ. అప్పుడే ఒక సంగతి తట్టింది. మాష్టారి వరండాలో విన్నప్పుడే మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుకున్న సంగతి.

"నేను రానని సెప్పాలంటే జొరమొచ్చిందనొచ్చు. కాలు బెణికిందనొచ్చు. పెళ్లి కుదిరిందని సెప్పేవెందుకు? ఆ ఊసు నీకెలా తట్టింది?"

ఏసుమణి ఏడుపు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది గాని కనకదుర్గ వైపు చూడలేదు.

"అది నేను పుట్టించిన మాట కాదు" అంది చివరికి.

"మరెవరిది?"

"ఒకరొచ్చి సెప్పేరు. అలా సెప్తే సార్ ఇంక మీ ఇంటికి రాడన్నారు. అది నాకు పనికొచ్చింది. సెప్పేను."

"ఎవరు?"

"నన్ను ఏటన్నా అను. రేపట్నించి నా మొకం సూడకు. ఆ పేరు మాత్రం అడక్కు దుర్గా. నీ ఆట పాడు సేసింది సాలు. నీ ఇల్లు కూడా పాడు సెయ్యలేను."

బస్సు స్టాండులోకి తిరిగింది. ఏసుమణి హల్వా పొట్లం సీటు మీదే వదిలి, జనాన్ని తోసుకుంటూ అందరికంటే ముందు దిగింది. బుచ్చయ్యపేట ఆటోల వైపు నడుస్తూ వెనక్కి తిరిగి చూడలేదు.

కనకదుర్గ ఆఖర్న దిగింది. ఆ మాట చెప్పింది ఎవరై ఉంటారా అని ఒక్కో పేరూ తలుచుకుంటోంది గాని ఏదీ నిలవడం లేదు. అమ్మా? అమ్మకు క్యాంపంటే ఏమిటో కూడా తెలియదు. అన్నయ్యా? అన్నయ్య ఆ వేసవి అంతా ఊళ్లోనే లేడు.

స్టాండు బయట పళ్ల బండి పక్కన ఆమె భర్త ఉమామహేష్ మోటార్‌సైకిల్ మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆదివారం ఆమె ఊరెళ్లి వస్తే తీసుకెళ్లడానికి రావడం ఆయనకు అలవాటే. మోటార్ల వైండింగు షాపు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకు గ్రీజు. ఒకప్పుడు మగపిల్లల జట్టులో లెఫ్ట్ బ్యాక్ ఆడాడు. షాపుకి వచ్చినవాళ్లకి, మా ఆవిడ సెంటర్ ఫార్వర్డ్ అని చెప్పి మురిసిపోయే మనిషి. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెను ఒక్కసారి కూడా గట్టిగా కసిరి ఎరగడు. ఆయన్ని చూసేసరికి కనకదుర్గ గబగబా అటు నడిచింది. ఇంటికెళ్లాక అంతా చెప్పి ఏడవాలనుకుంది.

"సార్ గుర్తు పట్టేడా?" అన్నాడు.

పట్టారంది.

"ఆరోగ్యం ఎలాగుంది?"

చూపు ఆనడం లేదని, మోకాలు బాగాలేదని చెప్పింది. ఆయన తల ఊపాడు. బండి తాళం తిప్పాడు గాని స్టార్ట్ చేయలేదు. ఏసుమణి ఆటో ఎక్కుతున్న వైపు ఒకసారి చూశాడు. చేతి గ్రీజును గుడ్డతో తుడుచుకుంటూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"క్యాంపు లిస్టులో నీ పేరు ఊసేటైనా ఎత్తేడా?"

కనకదుర్గ బండి ఎక్కడానికి ఆయన భుజం మీద చెయ్యి వేసింది అప్పుడే. ఆ లిస్టులో తన పేరుందని ఆమెకు తెలిసి మూడు గంటలు కూడా కాలేదు. అంతకుముందు ఆ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే ఉండాలి. ఒకరు మాడుగులలో ఉన్నారు. ఒకరు ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆమె చెయ్యి తీసేసింది.

"స్టాండేసి బండి దిగు బావా" అంది.